టార్చిలైట్ కొంటున్నారా? ‘లక్ష ల్యూమెన్లు’ చూసి మోసపోకండి.. కొనేముందు ఈ లెక్కలు తెలుసుకోండి

రాత్రి రెండు గంటలకు పొలంలో మోటారు ఆగిపోయింది. చేతిలో టార్చిలైటు ఉంది. ఆన్ చేస్తే ఐదు నిమిషాలు భగ్గున వెలిగింది. ఆ తర్వాత మినుకు మినుకుమంటూ ఆరిపోయింది. బాక్స్ మీద మాత్రం ‘లక్ష ల్యూమెన్లు, 10 గంటల బ్యాకప్’ అని రాసి ఉంది. ఇక మిగిలింది జేబులోని సెల్‌ఫోన్ లైటు, కాళ్ల ముందు గట్టు, ఆ గట్టు మీద ఏముందో తెలియని చీకటి.

ఇది చాలామందికి అనుభవమే. ఒకప్పుడు ఇంటికో స్టీలు టార్చి ఉండేది. మూడు పెద్ద సెల్స్ వేసి, అవి అయిపోతే కొట్టుకెళ్లి కొత్తవి తెచ్చుకునేవారు. ఊళ్లలో దాన్ని ‘బ్యాటరీ లైటు’ అనే పిలిచేవారు. ఇప్పుడు ఆ స్థానంలో అరచేతిలో ఇమిడిపోయే రీఛార్జబుల్ లైట్లు వచ్చాయి. వీటినే ‘టాక్టికల్ ఫ్లాష్‌లైట్’ పేరుతో ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. జేబులో పెట్టుకుని రోజూ తిరగొచ్చు, సెల్‌ఫోన్ ఛార్జర్‌తోనే ఛార్జింగ్ పెట్టుకోవచ్చు. మంచిది దొరికితే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. కానీ మంచిది ఏదో తెలుసుకోవడమే కష్టం. ఎందుకంటే బాక్స్ మీద ముద్రించే అంకెలకు, లోపలున్న సరుకుకు చాలాసార్లు పొంతన ఉండదు.

మరి అసలైన లైటును గుర్తుపట్టడం ఎలా? ఏ అంకెను నమ్మాలి, ఏది వదిలేయాలి? కొన్నాక ఇంట్లోనే ఎలా పరీక్షించుకోవాలి? వివరాలు చూద్దాం.

అసలు ‘టాక్టికల్’ అంటే ఏంటి?

టాక్టికల్ లైటు అనేది మొదట పోలీసులు, సైనికుల కోసం తయారైన రకం. దీనికి కొన్ని ప్రత్యేకతలు ఉంటాయి. స్విచ్ వెనక భాగంలో, బొటనవేలికి అందేలా ఉంటుంది. సగం నొక్కితే వెలుగుతుంది, వదిలేస్తే ఆరిపోతుంది. నొక్కగానే పూర్తి వెలుగు వస్తుంది. బాడీ గట్టి అల్యూమినియంతో, చేతిలోంచి జారిపోకుండా గరుకుగా ఉంటుంది. చాలావాటికి జేబుకు తగిలించుకునే క్లిప్ కూడా ఉంటుంది.

ఇక్కడ ఒక ఆసక్తికరమైన విషయం ఉంది. అమెరికాలో పోలీసుల చేతుల్లో బాగా పేరు తెచ్చుకున్న ‘ష్యూర్‌ఫైర్ 6పీ’ అనే లైటు వెలుగు ఎంతో తెలుసా? కేవలం 65 ల్యూమెన్లు. ఆ వెలుగుతోనే వాళ్లు డ్యూటీలు చేశారు. ఇప్పుడు చిన్న కీచైన్ లైట్లే అంతకంటే ఎక్కువ వెలుగు ఇస్తున్నాయి. అంటే లైటు విలువ తేల్చేది వెలుగు ఒక్కటే కాదన్నమాట. నొక్కిన ప్రతిసారీ వెలగడమే అసలు పరీక్ష.

అయితే మార్కెట్లో ‘టాక్టికల్’ అనే మాటకు ఎలాంటి నియంత్రణ లేదు. నల్ల రంగు వేసి, ముందు భాగానికి పళ్లలాంటి అంచు పెట్టి ఆ పేరుతో ఎవరైనా అమ్మొచ్చు. కాబట్టి పేరును పక్కన పెట్టి లోపలున్నదాన్ని చూడాలి.

లక్ష ల్యూమెన్లు సాధ్యమేనా? లెక్క ఇదీ..

లైటు నుంచి మొత్తం ఎంత వెలుగు బయటకు వస్తుందో చెప్పే కొలత ల్యూమెన్. మన ఇళ్లలో వాడే 9 వాట్ల ఎల్ఈడీ బల్బు సుమారు 800 నుంచి 900 ల్యూమెన్లు ఇస్తుంది. దీన్ని గుర్తుపెట్టుకుంటే చాలు, సగం మోసాలు అక్కడే బయటపడతాయి.

జేబులో పట్టే రీఛార్జబుల్ లైట్లలో ఎక్కువగా ‘18650’ అనే లిథియం అయాన్ సెల్ వాడతారు. ఈ అంకెలో రహస్యం ఏమీ లేదు. సెల్ వ్యాసం 18 మిల్లీమీటర్లు, పొడవు 65 మిల్లీమీటర్లు అని అర్థం. ఈ సైజులో పేరున్న కంపెనీలు తయారుచేసే మంచి సెల్ సామర్థ్యం సాధారణంగా 3,500 ఎంఏహెచ్ దగ్గరే ఉంటుంది. దాని వోల్టేజీ 3.6. రెండింటినీ గుణిస్తే సుమారు 12.6 వాట్ అవర్లు. ఆ సెల్‌లో ఉన్న మొత్తం శక్తి ఇంతే.

ఒక వాట్‌కు 100 ల్యూమెన్లు వస్తాయనుకుందాం. చిన్న లైటుకు ఇది మంచి లెక్కే. అప్పుడు 100 ల్యూమెన్ల దగ్గర సుమారు 12 గంటలు వెలుగుతుంది. 300 దగ్గర నాలుగు గంటలు. 1,000 ల్యూమెన్ల దగ్గర గంటంబావు. ఇంతకు ఎన్నో రెట్లు ఎవరు చెప్పినా ఆ సెల్‌లో అంత శక్తి లేదు.

మరి లక్ష ల్యూమెన్లు? అందుకు ఒకేసారి 1,000 వాట్లు కావాలి. అంటే ఇస్త్రీపెట్టె లాగేంత కరెంటు. అది ఆ చిన్న సెల్ నుంచి వచ్చినా ముప్పావు నిమిషంలో ఖాళీ అయిపోతుంది. ఈలోపే లైటు పట్టుకున్న చెయ్యి కాలిపోతుంది. అందుకే జేబులో పట్టే లైటు మీద ‘లక్ష ల్యూమెన్లు’ అని కనిపిస్తే ఇంకేమీ చూడక్కర్లేదు. పక్కన పెట్టేయొచ్చు.

సెల్ మీద 9,900 ఎంఏహెచ్? కాటా మీద పెట్టండి

ఇదే మోసం సెల్స్ మీదా జరుగుతోంది. 18650 సైజు సెల్ మీద 6,800, 8,800, 9,900 ఎంఏహెచ్ అని ముద్రించి అమ్ముతున్నారు. ఆ సైజులో అంత సామర్థ్యమున్న లిథియం అయాన్ సెల్ ఇప్పటివరకు లేదు. వీటిలో చాలావరకు పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల నుంచి తీసినవో, లోపల చిన్న సెల్ పెట్టి పైన పెద్ద తొడుగు వేసినవో ఉంటాయి.

దీన్ని పట్టుకోవడానికి ఒక చిన్న చిట్కా ఉంది. మంచి 18650 సెల్ బరువు సుమారు 45 నుంచి 50 గ్రాములు ఉంటుంది. వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టి చూడండి. 30 గ్రాములు, 35 గ్రాములు చూపిస్తే అనుమానించాల్సిందే. అయితే బరువు సరిపోయినంత మాత్రాన సెల్ మంచిదని చెప్పలేం. తక్కువ ఉంటే మాత్రం కచ్చితంగా తేడా ఉన్నట్టే.

ఇంకాస్త పెద్ద లైటు అయినా పర్వాలేదనుకుంటే ‘21700’ సెల్ ఉన్నది మేలు. దీని వ్యాసం 21, పొడవు 70 మిల్లీమీటర్లు. ఈ సైజులో 5,000 ఎంఏహెచ్ సెల్స్ మామూలుగానే దొరుకుతాయి. బ్యాకప్ దాదాపు ఒకటిన్నర రెట్లు వస్తుంది. కాకపోతే సెల్ బరువే 70 గ్రాములు. ప్యాంటు జేబులో రోజంతా పెట్టుకుంటే ఆ బరువు తెలుస్తుంది. రోజూ వెంట ఉంచుకునే లైటుకు ఇదీ ముఖ్యమే. బరువైపోయి ఇంట్లో వదిలేసిన లైటు ఎంత మంచిదైనా అవసరానికి పనికిరాదు.

‘టర్బో’ అనే మాట వెనక అసలు కథ

మంచి కంపెనీ లైటు మీద కూడా 1,000 ల్యూమెన్లు అని రాసి ఉంటే, అది ఎంతసేపు అనేది అడగాలి. చిన్న లైటులో పుట్టిన వేడి బయటకు పోవడానికి చోటు తక్కువ. అందుకే రెండు మూడు నిమిషాల్లోనే లైటు తనంతట తానే వెలుగు తగ్గించుకుంటుంది. 1,000 కాస్తా 300, 400 దగ్గరికి వచ్చేస్తుంది. ఇది లోపం కాదు. ఎల్ఈడీ, సెల్ పాడవకుండా పెట్టిన రక్షణ.

అసలు మెలిక బ్యాకప్ లెక్కలో ఉంది. టార్చిలైట్లను కొలవడానికి ‘ఆన్సీ ఎఫ్ఎల్1’ అనే ప్రమాణం ఉంది. అమెరికాలో 2009లో మొదలైన ఈ పద్ధతినే పేరున్న కంపెనీలన్నీ పాటిస్తున్నాయి. దీని ప్రకారం మొదటి వెలుగులో పదో వంతుకు పడిపోయే వరకు పట్టే సమయాన్నే బ్యాకప్‌గా రాస్తారు. అంటే 1,000 ల్యూమెన్లతో మొదలై, మూడు నిమిషాల్లో 200కి తగ్గి, అక్కడే గంటల తరబడి వెలిగినా ‘1,000 ల్యూమెన్లు.. 4 గంటలు’ అని రాసుకోవచ్చు. నిబంధన ప్రకారం అది తప్పు కాదు. కొనేవాడికి మాత్రం వేరేలా అర్థమవుతుంది.

కాబట్టి టర్బో అంకె కంటే మీడియం, లో మోడ్‌లలో ఎన్ని ల్యూమెన్లు, ఎన్ని గంటలు అనేదే చూడాలి. రోజువారీ పనులన్నీ జరిగేది ఆ వెలుగులోనే.

దూరం చూపించేది ల్యూమెన్ కాదు.. క్యాండెలా

రెండు లైట్లూ 500 ల్యూమెన్లే. ఒకటి 60 మీటర్లు చూపిస్తుంది, ఇంకోటి 250 మీటర్లు చూపిస్తుంది. కారణమేంటి? వెలుగును ఒకచోటికి కూడగట్టి పంపే తీరు. బీమ్ నడిమధ్యన వెలుగు ఎంత తీవ్రంగా ఉందో చెప్పే కొలత క్యాండెలా.

దీనికీ ఒక సులువైన లెక్క ఉంది. క్యాండెలా అంకెకు వర్గమూలం కట్టి రెండుతో గుణిస్తే బీమ్ దూరం మీటర్లలో వస్తుంది. 2,500 క్యాండెలాలుంటే 100 మీటర్లు. 10,000 ఉంటే 200 మీటర్లు. అంటే దూరం రెట్టింపు కావాలంటే తీవ్రత నాలుగు రెట్లు పెరగాలి. బాక్స్ మీద క్యాండెలా, మీటర్లు రెండూ రాసి ఉంటే ఈ లెక్క కట్టి చూడండి. కుదరకపోతే ఆ అంకెలు ఎవరో ఊహించి రాసినవే.

మరో మాట. ఈ ‘బీమ్ దూరం’ అంటే వెలుగు పావు లక్స్‌కు పడిపోయే చోటు. నిండు పున్నమి వెన్నెల ఎంత ఉంటుందో దాదాపు అంతే. అక్కడ మనిషి నిలబడ్డాడని తెలుస్తుందేమో గానీ ఎవరో గుర్తుపట్టలేం. స్పష్టంగా కనిపించేది అందులో సగం దూరం వరకే అనుకోవడం మంచిది.

పొలానికి వెళ్లేవారికి ఏ లైటు? ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం

దేశంలో 2000 నుంచి 2019 వరకు సుమారు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయి ఉంటారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. అంటే ఏటా సగటున 58 వేల మంది. మరణాలు ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల జాబితాలో తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబర్ మధ్య, వానాకాలంలోనే జరుగుతున్నాయి. నాట్లు, నీళ్లు పెట్టడాలు జరిగేదీ అప్పుడే. కట్లపాము తిరిగేది రాత్రిళ్లే. రక్తపింజర కూడా ఎక్కువగా చీకటి పడ్డాకే బయటకు వస్తుంది.

ఇలాంటి చోట దూరం చూపించే లైటు కొంటే పొరపాటే. సన్నటి బీమ్ 200 మీటర్ల అవతల చెట్టును చూపిస్తుంది, కాలి కింద మాత్రం చీకటే ఉంటుంది. గట్టు మీద నడిచేవారికి కావాల్సింది వెడల్పుగా పరుచుకునే వెలుగు. నడవడానికి 100 ల్యూమెన్లు చాలు. గడ్డి, పొదలు ఉన్నచోట 300 ఉంటే ఇంకా మంచిది. వెలుగును ఎక్కడో ముందుకు కాకుండా రెండు మూడు అడుగుల దూరంలో నేల మీద పడేలా పట్టుకోవాలి.

వెలుగు రంగు కూడా చూసుకోవాలి. చౌక లైట్లలో ఎల్ఈడీలు నీలం ఛాయతో తెల్లగా ఉంటాయి. వాటి వెలుగులో మట్టి, ఎండుటాకులు, గోధుమ రంగు అన్నీ బూడిద రంగులో ఒకేలా కనిపిస్తాయి. ఎండుటాకుల మధ్య చుట్టుకుని ఉన్న రక్తపింజరను ఆ వెలుగులో పోల్చుకోవడం కష్టం. రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే కొలత సీఆర్ఐ. ఇది 90కి పైగా ఉన్న ఎల్ఈడీ, 4,000 నుంచి 5,000 కెల్విన్ మధ్య రంగు ఉన్నది తీసుకుంటే తేడా కంటికే తెలుస్తుంది. ఇలాంటి వాటిలో ల్యూమెన్లు కాస్త తగ్గుతాయి. అయినా ఇదే మేలు.

అయితే లైటు ఒక్కటే రక్షణ కాదు. కాళ్లకు గమ్ బూట్లు, చేతిలో కర్ర తప్పనిసరి. పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం లాంటివి చేయకూడదు. కరిచిన చోటు కదలకుండా చూసుకుని వెంటనే 108కి ఫోన్ చేయాలి. నాటు వైద్యం అంటూ గంటలు పోగొట్టుకోకుండా యాంటీ వీనమ్ ఉన్న ఆసుపత్రికి చేరాలి.

చెరువు గట్ల మీద, తుపాను రాత్రుల్లో..

భీమవరం వైపు రొయ్యల చెరువుల దగ్గర పనిచేసేవారికి అసలు డ్యూటీ రాత్రిపూటే. చెరువు నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. రొయ్యలు పైకి తేలుతున్నాయా, ఏరియేటర్లు తిరుగుతున్నాయా అని గట్టు మీద తిరుగుతూ చూడాల్సి ఉంటుంది. అక్కడ చెరువు అవతలి గట్టు వరకు చూపించే బీమ్ కావాలి, కాళ్ల ముందు వెలుగూ కావాలి. ఇలాంటివారికి మధ్యలో చురుకైన వెలుగు, చుట్టూ పలుచటి వెలుగు రెండూ ఇచ్చే రిఫ్లెక్టర్ లైటు సరిపోతుంది. చెక్ ట్రే పైకి లాగి చూడాలంటే రెండు చేతులూ కావాలి కాబట్టి, తలకు పెట్టుకునే లైటు కూడా ఒకటి ఉంచుకోవడం మంచిది.

ఇక తుపాన్లు, వరదలు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో జనం రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపారు. అలాంటప్పుడు సెల్‌ఫోన్ లైటు వాడితే ఫోన్ ఛార్జింగ్ అయిపోతుంది. సాయం కోసం పిలవడానికి కూడా ఉండదు. ఫోన్ ఫ్లాష్ ఇచ్చే వెలుగు కూడా సాధారణంగా 50 ల్యూమెన్ల లోపే. విడిగా లైటు ఉండాలనడానికి ఇదే పెద్ద కారణం. కొన్ని లైట్లలో 5, 10 ల్యూమెన్ల లో మోడ్ ఉంటుంది. దాన్ని పైకప్పు వైపు పెట్టి వదిలేస్తే గదిలో తిరగడానికి సరిపడా వెలుగు వస్తుంది, ఒక్క ఛార్జింగ్‌తో రోజుల తరబడి నెట్టుకురావచ్చు.

ఇంట్లో పెద్దవాళ్లున్నా లో మోడ్ ఉపయోగమే. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అర్ధరాత్రి బాత్‌రూమ్‌కు లేచినప్పుడు 500 ల్యూమెన్లు వేస్తే ఆరిపోయాక ఏమీ కనపడదు. ఒకటి రెండు ల్యూమెన్లతో వెలిగే ‘మూన్‌లైట్’ మోడ్ అందుకే పెడతారు.

ఛార్జింగ్ దగ్గర చూసుకోవాల్సినవి

కొట్లలో దొరికే పాత రకం రీఛార్జబుల్ లైట్లలో వెనక రెండు పిన్నులు ఉంటాయి. నేరుగా ప్లగ్గులో గుచ్చేయొచ్చు. వీటిలో చాలావాటికి లోపల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. దాన్ని ఛార్జింగ్ లేకుండా నెలల తరబడి బీరువా మీద పడేస్తే చచ్చిపోతుంది. అవసరం వచ్చిన రోజు తీసి చూస్తే వెలగదు. ఈ రకం ఇంట్లో ఉంటే నెలకోసారైనా ఛార్జింగ్ పెట్టాల్సిందే.

లిథియం లైట్లలో టైప్-సీ పోర్టు ఉన్నది ఎంచుకోవాలి. ఫోన్ ఛార్జర్, పవర్ బ్యాంక్ ఏదైనా సరిపోతుంది. ఇక్కడా ఒక తిరకాసు ఉంది. కొన్ని చౌక లైట్లు ఒకవైపు పెద్ద యూఎస్‌బీ ఉన్న కేబుల్‌తోనే ఛార్జ్ అవుతాయి. రెండు వైపులా టైప్-సీ ఉన్న కేబుల్ పెడితే ఎక్కవు. ఖర్చు తగ్గించడానికి లోపల పెట్టాల్సిన రెండు చిన్న రెసిస్టర్లను మానేయడమే కారణం. కొన్న రోజే రెండు రకాల కేబుళ్లతో చూసుకోవాలి.

అయస్కాంతంతో అతుక్కునే ప్రత్యేక ఛార్జర్లు వాడటానికి సులువే. కానీ ఆ కేబుల్ పోతే లైటు ఉన్నా లేనట్టే. సెల్ బయటకు తీసి మార్చుకునే వీలుందా అనేది కూడా ముఖ్యం. లిథియం సెల్ 300 నుంచి 500 సార్లు పూర్తిగా ఛార్జ్ అయ్యాక సామర్థ్యం తగ్గుతూ వస్తుంది. సెల్ మార్చుకోగలిగితే లైటు మరికొన్నేళ్లు పనిచేస్తుంది. లోపలే అతికించేస్తే సెల్‌తో పాటు లైటూ చెత్తలోకే.

ఎండాకాలంలో జాగ్రత్త

లిథియం సెల్స్‌కు వేడి శత్రువు. సాధారణంగా 45 డిగ్రీలు దాటిన చోట వీటిని ఛార్జ్ చేయకూడదు. మే నెలలో రామగుండం, కొత్తగూడెం, రెంటచింతల లాంటి చోట్ల బయటి ఎండే అంతవరకు వెళ్తుంది. రేకుల షెడ్డులో, మోటారు కొట్టంలో ఛార్జింగ్ పెడితే ప్రమాదమే. ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద అసలు వదిలేయొద్దు. పరుపు మీద, దిండు పక్కన పెట్టి ఛార్జ్ చేయడం కూడా మంచిది కాదు.

సెల్ ఉబ్బినా, పైతొడుగు చిరిగినా, వాసన వస్తున్నా ఇక వాడొద్దు. చెత్తబుట్టలో వేయొద్దు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను ఇంటి చెత్తలో కలపకూడదు. సేకరణ కేంద్రాలకే ఇవ్వాలి. విడి సెల్స్‌ను తాళంచెవులు, చిల్లరతో కలిపి జేబులో వేసుకుంటే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకోవాలి.

జేబులో లైటు పొరపాటున ఆన్ అయినా ముప్పే. హై మోడ్‌లో గుడ్డకు ఆనుకుని వెలిగితే బట్ట కాలుతుంది, తొడకు చురక తగులుతుంది. చాలా లైట్లలో వెనక మూతను పావు వంతు తిప్పితే కరెంటు తెగిపోతుంది. జేబులో, బ్యాగులో పెట్టేటప్పుడు ఈ అలవాటు చేసుకోవాలి.

విమానంలో వెళ్లేవారు విడి లిథియం సెల్స్‌ను చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే ఉంచాలి. అంచులు మొనదేలి ఉన్న లైట్లను భద్రతా సిబ్బంది ఆపేయొచ్చు. తరచూ ప్రయాణాలు చేసేవారు గుండ్రటి అంచున్నది తీసుకోవడమే నయం.

వానలో తడిస్తే? ఐపీ అంకెల అర్థం ఇదే

బాక్స్ మీద ఐపీ65, ఐపీఎక్స్4, ఐపీ68 అని ఉంటుంది. ఇందులో మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి సంబంధించింది. 4 ఉంటే చినుకులను తట్టుకుంటుంది. 7 ఉంటే మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోకూడదు. 8 అంటే అంతకుమించి, ఎంత లోతు అనేది కంపెనీయే చెప్పాలి. ‘ఎక్స్’ అంటే సున్నా అని కాదు, ఆ పరీక్ష చేయలేదని మాత్రమే. పొలాలకు, చెరువుల దగ్గరికి వెళ్లేవారు రెండో అంకె 7 గానీ 8 గానీ ఉన్నది చూసుకోవాలి. ఛార్జింగ్ పోర్టు రబ్బరు మూత సరిగ్గా నొక్కకపోతే ఏ రేటింగూ కాపాడదు. తడిసిన లైటును పూర్తిగా ఆరాకే ఛార్జింగ్ పెట్టాలి.

స్ట్రోబ్ మోడ్ నిజంగా కాపాడుతుందా?

టాక్టికల్ లైట్ల ప్రకటనల్లో ఎక్కువగా కనిపించేది స్ట్రోబ్ మోడ్. టపటపా వెలిగి ఆరే ఈ వెలుగుతో ఎదుటివాడి కళ్లు బైర్లు కమ్ముతాయని చెబుతారు. చీకట్లో కళ్ల మీద చటుక్కున గట్టి వెలుగు పడితే ఎవరికైనా క్షణకాలం ఏమీ కనిపించదు, నిజమే. నైట్ షిఫ్ట్ నుంచి ఒంటరిగా వచ్చే మహిళలకు ఆ క్షణం తప్పించుకోవడానికి ఉపయోగపడొచ్చు. కానీ దాన్ని ఆయుధమని నమ్ముకోకూడదు. పగలు, వీధిలైట్ల కింద దాని ప్రభావం చాలా తక్కువ. స్ట్రోబ్ కోసం మూడుసార్లు నొక్కాల్సి వస్తే కంగారులో గుర్తుకూ రాదు.

అంతకంటే ఎక్కువ ఉపయోగం వేరే ఉంది. లిఫ్ట్ పక్కన, పార్కింగ్‌లో, సందు మలుపులో ఎవరున్నారో ముందే కనిపించడమే పెద్ద రక్షణ. ఆపద వస్తే పరుగు, కేక, 112కి ఫోన్.. ఇవే ముందు. ఇక సరదాకి పిల్లల కళ్లలో గానీ, ఎదురొచ్చే వాహనాల మీద గానీ స్ట్రోబ్ కొట్టొద్దు. మూర్ఛ వ్యాధి ఉన్న కొందరికి ఇలాంటి వెలుగుతో ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

కొన్నాక ఇంట్లోనే చేసుకునే ఐదు పరీక్షలు

రిటర్న్ గడువు ఉండగానే ఇవి చేసి చూడండి.

1. బ్యాకప్ పరీక్ష: ఫుల్ ఛార్జ్ చేసి మీడియంలో ఆన్ చేసి, పక్కనే కూర్చుని టైమ్ చూడండి. పైన చెప్పిన లెక్కకు దగ్గరగా రావాలి. అసలు వెలుగుకు ముందే సగానికి పడిపోతే సెల్ నాసిరకం.

2. గోడ పరీక్ష: చీకటి గదిలో గోడ మీద వేసి చూడండి. మధ్యలో మచ్చ, చుట్టూ నల్లటి రింగులు ఉంటే నడవడానికి ఇబ్బంది.

3. కెమెరా పరీక్ష: లో మోడ్‌లో వేసిన వెలుగును ఫోన్ కెమెరాలో చూడండి. చారలు పరుగెడుతుంటే లైటు కంటికి తెలియకుండా మినుకుమంటోందని అర్థం. ఎక్కువసేపు ఆ వెలుగులో పనిచేస్తే కొందరికి తలనొప్పి వస్తుంది.

4. బకెట్ పరీక్ష: ఐపీ రేటింగ్ 7 లేదా 8 ఉందని కంపెనీ చెబితేనే, మూతలన్నీ బిగించి బకెట్ నీళ్లలో పది నిమిషాలు ఉంచండి. తీశాక అద్దం లోపల ఆవిరి పట్టకూడదు.

5. పక్కన పెట్టే పరీక్ష: ఫుల్ ఛార్జ్ చేసి రెండు వారాలు వాడకుండా వదిలేయండి. తీసి చూస్తే ఛార్జింగ్ దాదాపు అలాగే ఉండాలి. బాగా తగ్గిపోతే ఆఫ్‌లో ఉన్నా లోపల కరెంటు కారుతున్నట్టే. అత్యవసరానికి దాచుకునే లైటులో ఇది అన్నిటికంటే పెద్ద లోపం.

మోసపోతే ఏం చేయాలి?

మన దేశంలో అమ్మే లిథియం సెల్స్‌కు భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సెల్ మీద ఐఎస్ 16046 అనే ప్రమాణం, ‘ఆర్’తో మొదలయ్యే నంబర్ ఉండాలి. ఆ నంబర్‌ను ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొట్టి చూస్తే అది ఏ కంపెనీదో తెలుస్తుంది. ఏ నంబరూ లేని సెల్‌ను ఎంత చౌకగా వచ్చినా ఇంట్లో ఛార్జింగ్ పెట్టకపోవడమే మంచిది.

చెప్పిన వెలుగు, చెప్పిన బ్యాకప్ రాకపోతే వీడియో తీసి ముందు అమ్మిన సంస్థకు ఫిర్యాదు చేయాలి. స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటన కూడా నేరమే. బిల్లు, బాక్స్, ఆన్‌లైన్ పేజీ స్క్రీన్‌షాట్ జాగ్రత్త చేసుకోవాలి.

చివరిగా.. ఏది కొనాలి?

రోజూ జేబులో ఉంచుకోవడానికి ఒకే ఒక్క లైటు కొనాలనుకుంటే ఇవి ఉన్నాయేమో చూసుకోండి. పేరున్న కంపెనీ 18650 లేదా 21700 సెల్, అదీ బయటకు తీసి మార్చుకునేలా ఉండాలి. టైప్-సీ ఛార్జింగ్. రెండు మూడు గంటలు నిలకడగా 300 ల్యూమెన్లు. ఒక లో మోడ్. రెండో అంకె 7 లేదా 8 ఉన్న ఐపీ రేటింగ్. చీకట్లో తడిమినా చేతికి దొరికే స్విచ్. ఇవన్నీ ఉంటే బాక్స్ మీద 1,000 అని రాసి ఉన్నా, 800 అని రాసి ఉన్నా పెద్ద తేడా పడదు. ఎందుకంటే మన కంటికి వెలుగు రెట్టింపైనట్టు అనిపించాలంటే ల్యూమెన్లు సుమారు నాలుగు రెట్లు పెరగాలి.

కొన్న తర్వాత దానికో చోటు పెట్టండి. ఇంట్లో అందరికీ తెలిసిన చోటు, కరెంటు పోయినా చెయ్యి చాపితే అందే చోటు. నెలకోసారి ఛార్జింగ్ చూసుకోండి. అర్ధరాత్రి గట్టు మీద కాలు పెట్టే ముందు వెలగాల్సింది ఆ లైటే.